నిమ్మాకు మీద దారి

నిమ్మ మొక్కకు మందు కొట్టనివ్వకుండా పురుగులమ్మ మూడు రోజులుగా మొగుడితో పోట్లాడుతోంది. మొక్కంటే అదేదో పెద్ద తోట కాదు. వెనక వాకిట్లో పాత రంగుడబ్బాలో పెరిగిన మోకాలెత్తు మొక్క. దాని లేతాకులన్నీ వంకర్లు తిరిగి, వాటి మీద తెల్లటి గీతలు పడ్డాయి. సరుకుల వ్యాను తోలే ఆ మనిషికి అది ఏడాదికోసారి కాసే నాలుగు కాయల మీద ఎక్కడలేని ఆశ.

“పురుగుల్ని సాకుతున్నావా ఏంటి? ఇంకో వారం పోతే పుల్లలే మిగుల్తాయి,” అన్నాడు సోమవారం పొద్దున్న, పిచికారీ డబ్బా పట్టుకుని.

“రెండ్రోజులు ఆగండి. ఇంకా చూడ్డం అవలేదు.”

“ఆకుని ఎంతసేపు చూస్తావే? సినిమానా?”

ఆమె మొక్క పక్కన గొంతుక్కూర్చుంది. ఒక ఆకును తుంచకుండానే వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూస్తోంది. పురుగు ఆకు పైన లేదు, లోపలుంది. ఆకు పైపొరకూ కింది పొరకూ మధ్య దూరి, తింటూ దారి చేసుకుంటూ పోతోంది. దూరిన చోట దారి వెంట్రుకంత. తిన్నకొద్దీ పురుగు ఒళ్ళు చేస్తుంది, దారీ వెడల్పవుతుంది. వెండిలా మెరిసే ఆ దారి మధ్యలో నల్లటి సన్నగీత ఒకటి, మొదటి నుంచి చివరిదాకా తెగకుండా సాగింది. అది పురుగు వేసిన రెట్ట. ఈ సంగతి కనిపెట్టడానికే ఆమెకు రెండు రోజులు పట్టింది. కనిపెట్టాక కలిగిన సంతోషం మొగుడికి చెబితే నవ్వుతాడని చెప్పలేదు.

పురుగులమ్మ అని పేరు పెట్టింది పనిగదిలో వాళ్ళు. ఆవిడ సంచిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఒకరోజు పెంకు పురుగు రెక్క, ఇంకోరోజు చెట్టు బెరడు ముక్క, మరోరోజు తూనీగ. అన్నం డబ్బా మూత తీస్తే అందులోంచి ఏం ఎగురుతుందో అని పక్కవాళ్ళు కాస్త ఎడంగా కూర్చుంటారు. ఆవిడకూ ఆ పేరు మీద కోపం లేదు. ఇరవై ఏళ్ళుగా పూసల పని చేస్తున్న మనిషిని ఏదో ఒక పేరుతో పిలవాలి కదా.

గదిలో ఆరు చట్రాలు, ఒక్కో చట్రానికి ఇద్దరు, ఎదురూబొదురూ. చట్రం మీద పల్చటి గుడ్డను డోలు చర్మంలా బిగించి పెడతాడు మేస్త్రి. అక్కడి పని పద్ధతి తెలియనివాళ్ళకు చూడగానే వింతగా ఉంటుంది. పూసలు గుచ్చిన దారాన్ని ఎడమచేత్తో గుడ్డ కింద పట్టుకోవాలి. కుడిచేతిలోని కొక్కెం సూదిని పైనుంచి దింపి, దారాన్ని లాగి, గొలుసుకుట్టు వేయాలి. పూస కింద పడుతుంది, పైకి కుట్టు మాత్రమే కనిపిస్తుంది. అంటే కుట్టేవాళ్ళు పొద్దస్తమానం చూసేది గుడ్డ వెనకవైపునే. అసలు ముఖం చివరి రోజు మేస్త్రి చట్రం తిరగేసినప్పుడు కనిపిస్తుంది. అప్పటిదాకా కుడివైపున్నది ఎడమకు పోతుంది, ఎడమది కుడికొస్తుంది. ఇరవై ఏళ్ళు ఇలా కూర్చున్నవాళ్ళకు వెనకవైపే అసలు బొమ్మలా అనిపిస్తుంది, ముఖమే పరాయిదిగా ఉంటుంది.

పురుగులమ్మకు ఎదురుగా కూర్చునేది ఆమె ఆడపడుచు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. కొక్కెం పట్టుకోవడం నేర్పింది వదినే. పిల్లకి చెయ్యి నాజూకు, గీత నిటారుగా గీస్తుంది, అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. వదినకు పెన్సిలు ఇస్తే మాత్రం గరిటె పట్టుకున్నట్టే ఉంటుంది. ఆవిడకు ఏది తోచినా సూది చివర తోచాల్సిందే.

గదిలో కిటికీ పక్కన ఒక బల్ల ఉంది, దాని ముందు మెత్త వేసిన కుర్చీ ఉంది. కుట్టాల్సిన బొమ్మలకు కాగితం మీద గీతలు గీసే మాస్టారు ఆ కుర్చీలో కూర్చునేవాడు. నెల క్రితం ఆయన మానేసి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ గురించే పనిగది నడిపే మేడమ్ పోయిన వారం అందర్నీ నిలబెట్టి చెప్పింది.

“పాత పుస్తకాల్లో పువ్వులూ నెమళ్ళూ చూసి చూసి విసుగొచ్చింది. ప్రకృతిలోంచి కొత్తది పట్టుకురండి. ఎవరిది నచ్చితే కుర్చీ వాళ్ళదే. గురువారం పెద్ద దుకాణం నుంచి ఒకావిడ వస్తున్నారు.”

ఆ మాటకి గదంతా ముసిముసిగా నవ్వి పురుగులమ్మ వైపు చూసింది. ప్రకృతి అనే సరుకు ఆవిడ సంచిలోనే కదా ఉంటుంది. ఆవిడ నవ్వలేదు. ఆ కుర్చీ ఆవిడకు కావాలి, అందరికంటే ఎక్కువ కావాలి. నలభై ఆరేళ్ళకే ఆమె కళ్ళకు సన్నపూస రంధ్రం కనిపించడం మానేసింది. డాక్టరు అద్దాలిచ్చాడు, మార్చాడు, ఆఖరికి దగ్గరి పని తగ్గించుకోమన్నాడు. పూసల పని చేసేవాళ్ళకు దూరపు పని ఏముంటుంది? ఈ సంగతి గదిలో ఒక్క ఆడపడుచుకే తెలుసు. వదిన పూసలన్నీ ఆ పిల్లే గుచ్చి పెడుతుంది, ఎవరూ చూడకుండా, కబుర్లు చెబుతున్నట్టు నటిస్తూ.

సోమవారం మధ్యాహ్నం అన్నాల వేళ పురుగులమ్మ చట్రం అంచున మిగిలిన జానెడు గుడ్డ మీద నిమ్మాకు మొదలుపెట్టింది. కాగితం లేదు, గీత లేదు. ఆకుపచ్చ పట్టుదారంతో ఆకు నింపింది. దారికి ఆరు సైజుల పూసలు కావాలంది.

“ఆరెందుకు వదినా? రెండు చాలవూ?” అంది ఆడపడుచు, పూసల గిన్నెలు దగ్గరికి లాక్కుంటూ.

“ఇక్కడ పిల్లపురుగు. ఇదిగో, ఇక్కడికొచ్చేసరికి కాస్త ఒళ్ళు చేసింది. ఆ మూల దగ్గర బాగా తినేసింది.”

“పెళ్ళయ్యాక నువ్వు చేసినట్టు.”

“నోరు మూసుకుని గుచ్చు. మధ్యలో నల్లవి కూడా కావాలి, ఇసకరేణువంత.”

“అవెందుకు?”

చెబితే ఆ పిల్ల పగలబడి నవ్వింది. పక్క చట్రం వాళ్ళు ఏంటేంటని అడిగారు. క్షణంలో గదంతా తెలిసింది, పురుగులమ్మ పట్టుగుడ్డ మీద పురుగు రెట్ట కుడుతోందని. మేస్త్రి కూడా మీసం వెనక నవ్వుకున్నాడు.

మంగళవారం మేడమ్ గదిలోకి వచ్చి, చట్రం పక్కన నిలబడి, పైకి కనిపించే గొలుసుకుట్లు చూసింది. వంగి, కింద చేయి పెట్టి పూసల్ని తడిమింది.

“దీనికి కాగితమేది?”

“కాగితం లేదండీ. ఊరికే కుట్టేస్తున్నా.”

“కాగితం లేకపోతే ఎలా? వచ్చేవాళ్ళు ముందు కాగితమే అడుగుతారు,” అంది మేడమ్. కాసేపు ఏదో ఆలోచించి, “సరే, నేను చూసుకుంటాలే,” అని వెళ్ళిపోయింది.

చూసుకుంటాలే అన్నదంటే నచ్చినట్టే. పురుగులమ్మ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆడపడుచు తోడు లేదు. రంగులు కలిసిపోయిన పూసలు ఏరిపెట్టమని మేడమ్ గంటసేపు ఉండమందట. పిల్ల ఆలస్యంగా వచ్చి, తలనొప్పిగా ఉందని చెప్పి, అన్నం కెలికి లేచిపోయింది. వదిన అమృతాంజనం రాసింది.

బుధవారం మధ్యాహ్నం మేస్త్రి చట్రం తిరగేశాడు. అందరూ మూగారు. ఆకు మీద వెండి దారి వెంట్రుకలా మొదలై, మెలికలు తిరిగి, ఆగి, మళ్ళీ వెనక్కొచ్చి, వెడల్పవుతూ వెడల్పవుతూ ఆకంచున మడత దగ్గర ఆగింది. నిన్నటిదాకా నవ్వినవాళ్ళెవరూ నవ్వలేదు. మేస్త్రి వేలితో ఆ దారిని మొదటి నుంచి చివరిదాకా, గుడ్డకు తగలకుండా, గాలిలోనే నడిపించాడు.

“ముప్ఫై ఏళ్ళలో ఇలాంటిది చూళ్ళేదమ్మా,” అన్నాడు. ఆయన ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. పురుగులమ్మ గబుక్కున మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

గురువారం పెద్ద దుకాణం నుంచి వచ్చినావిడ తెల్లజుట్టు మనిషి, నెమ్మదైన మనిషి. గుడ్డను ఒక చిన్న చట్రానికి బిగించి, వదినా ఆడపడుచూ చెరోవైపూ పట్టుకుని మేడమ్ గదిలోకి తీసుకెళ్ళారు. పురుగులమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. దారిలో ఒక మాట కూడబలుక్కుంది. ఆవిడ అడిగితే, ‘మా ఇంటి వెనక నిమ్మ మొక్క ఉందండీ’ అని మొదలుపెట్టాలి. ఆ పైన మాటలు వాటంతటవే వస్తాయి. అలా మొదలుపెడితే మేడమ్‌కి కూడా కాదనే వీలుండదు.

వచ్చినావిడ గుడ్డ మీదికి వంగి చాలాసేపు చూసింది.

“ఇది మీకెలా తట్టింది?” అని అడిగింది, మేడమ్‌ని.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. “పోయిన నెల కొండల్లోకి వెళ్ళాను. ఒంటరిగానే. పైనుంచి చూస్తే పచ్చటి అడవి మధ్యలో నది. సన్నగా పుట్టి, వంకర్లు తిరుగుతూ, వెడల్పై, అంచున మాయమైపోతోంది. అక్కడే కూర్చుని గీసేశాను.”

“ఈ మధ్యలో నల్లగీత?”

“అదా,” అంది మేడమ్, కొంచెం ఆగి. “నది అడుగున ఉన్న దుఃఖం.”

వచ్చినావిడ కళ్ళు చెమర్చాయి. పురుగు రెట్ట ముందు ఒక పెద్దమనిషి అంత భక్తిగా నిలబడటం చూసి మరో రోజైతే పురుగులమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఆవిడ ఇటు తిరగ్గానే చెప్పేస్తుంది. మా ఇంటి వెనక నిమ్మ మొక్క ఉందండీ.

మేడమ్ సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచింది. “అప్పుడు గీసింది ఇదే.”

పెన్సిలు గీత. చక్కటి గీత, నాజూకైనది. ఒక్క మెలిక కూడా తప్పిపోలేదు. పురుగులమ్మకు ఆ కాగితం చూడగానే ముందు కోపం రాలేదు. ఎంతో తెలిసినదాన్ని చూసినట్టనిపించింది. మూడు రోజులు తను చూసినట్టే ఉంది, అచ్చం తన కళ్ళ ముందు ఉన్నట్టే. దారి కుడివైపు పుట్టి ఎడమకు పోతోంది. చేతుల్లో ఉన్న గుడ్డ మీద అది ఎడమవైపు పుట్టి కుడికి పోతోంది.

అప్పుడు అర్థమైంది. గుడ్డ ముఖం చూసి గీసింది కాదది. చట్రం తిరగేయకముందు, వెనకవైపు చూసి గీసింది. మేడమ్ ఏనాడూ చట్రం ముందు కూర్చోలేదు. మంగళవారం సాయంత్రం పనిగదిలో, ఆ వెనకవైపే అసలు బొమ్మ అనుకునే అలవాటున్న మనిషి ఒక్కతే ఉంది. పురుగులమ్మ తలెత్తి చట్రం అవతలివైపు చూసింది. ఆడపడుచు నేల చూపులు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

“ఒక చిన్న అనుమానం,” అంది వచ్చినావిడ, కాగితాన్నీ గుడ్డనూ మార్చి మార్చి చూస్తూ. “బొమ్మలో నది కుడివైపు పుట్టింది. గుడ్డ మీద ఎడమవైపు ఉంది. ఎందుకలా?”

మేడమ్ కాగితం వైపు చూసింది. గుడ్డ వైపు చూసింది. కాగితాన్ని ఇటు తిప్పింది, అటు తిప్పింది. అంత తడబాటు ఆ మొహంలో గదిలో వాళ్ళెవరూ ఎన్నడూ చూసి ఉండరు.

“మీరేగా కుట్టింది? మీకు తెలుసా?” అని వచ్చినావిడ పురుగులమ్మ వైపు తిరిగింది.

ఎదురుచూసిన ఘడియ అదే. నిమ్మ మొక్క మాట నాలుక మీదే ఉండాలి. కానీ అప్పటికే ఆమె తల ఖాళీ అయిపోయింది. అందులో ఆ ఎర్రబడ్డ చెవులు తప్ప ఇంకేమీ లేవు. అడిగిన ప్రశ్న పని గురించి. పని గురించి అడిగితే ఇరవై ఏళ్ళుగా ఆ నోటికి ఒకే జవాబు తెలుసు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం.

“పూసలు గుడ్డ కింద పడతాయండీ,” అంది. “మేం కుట్టేది వెనకనుంచి. అందుకని కాగితం ఉల్టా ఉండాలి. ఇలా గీస్తేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. మామూలుగా గీస్తే, గుడ్డ మీదికి గీత దించడానికి మేస్త్రి కాగితం తిరగేసి చిల్లులు పొడవాలి.”

“అంటే,” వచ్చినావిడ మేడమ్ వైపు ఆశ్చర్యంగా చూసింది, “కొండ మీద కూర్చుని గీసేటప్పుడే తిప్పి గీశారా? చట్రం ముందు ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఇలా రాదు.”

మేడమ్ మొహంలోకి రంగు తిరిగొచ్చింది. “చేయి దానంతటదే తిరుగుతుందండీ,” అంది నమ్రతగా.

తను ఏం చేసిందో పురుగులమ్మకు అప్పుడు తెలిసింది. దొంగ సొమ్ముకు తనే ముద్ర వేసి ఇచ్చింది. ఇంకేదైనా చెప్పాలని పెదాలు కదిపింది. ఇప్పుడు నిమ్మ మొక్క అంటే ఎవరు నమ్ముతారు? వచ్చినావిడ అప్పటికే ఎన్ని కావాలో, ఎప్పటికి కావాలో మాట్లాడుతోంది.

“చట్రం జాగ్రత్తగా తీసుకెళ్ళండి,” అంది మేడమ్.

సాయంత్రం ఇంటికి నడుస్తూ వీధి మలుపుదాకా పురుగులమ్మ రెండడుగులు ముందే ఉంది. మలుపు దగ్గర ఆడపడుచే ఆగింది.

“మేడమ్ అడిగారు వదినా. నేనేమో నీ పేరు రాస్తారనుకున్నా. నది అంటారని నాకేం తెలుసు?”

“కుర్చీ సంగతి కూడా తెలీదా?”

పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “రేపటినుంచి కూర్చోమన్నారు. నువ్వు గీయలేవు కదా వదినా. ఎలాగూ నీకు ఇవ్వరు. ఇంట్లో ఒకళ్ళకైనా దక్కింది, బయటివాళ్ళకి పోకుండా. నేనేం పరాయిదాన్నా?”

అందులో అబద్ధం లేదు, అదే పురుగులమ్మను కాల్చింది. పరాయిది చేసుంటే జుట్టు పట్టుకునేది. ఆమె ముందుకు నడిచింది.

చెల్లెలికి కుర్చీ వచ్చిందని మొగుడు తెగ సంబరపడ్డాడు. “అంతా నువ్వు నేర్పిందేగా,” అన్నాడు పెళ్ళాంతో, మనస్ఫూర్తిగానే. ఆమె కంచాలు తీస్తూ, “పొద్దున్నే ఆ మొక్కకి మందు కొట్టేయండి,” అంది.

“చూడ్డం అయిపోయిందా?”

“అయిపోయింది.”

శుక్రవారం నుంచి ఆమె ఎదుటి స్థానంలో వేరే అమ్మాయి కూర్చుంది. మంచి పిల్లే, కానీ తన పూసలు తను గుచ్చుకుంటుంది. పురుగులమ్మ గిన్నెను కిటికీ వెలుతురుకు జరుపుకుని, సూదిని కంటికి ఆనించుకుని, వేళ్ళతో తడుముతూ గుచ్చింది. కిటికీ అంటే ఆడపడుచు వీపు వెనకే. ఆ పిల్ల రెండుసార్లు లేచి రాబోయి, మేస్త్రి ఉండటం చూసి కూర్చుండిపోయింది. పెద్ద దుకాణానికి పంపాల్సిన నిమ్మాకులు ఇప్పుడు ఆరు చట్రాల మీదా మొదలయ్యాయి. పని పట్టీలో వాటి పేరు ‘నది’. గదిలో ఒక్కరు కూడా ఆ పేరు అనలేదు, ‘ఆ ఆకు’ అనేవారు. అయినా ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ ఇళ్ళున్నాయి, పని కావాలి.

మంగళవారం మేస్త్రి ఆమె చట్రం తిరగేసి వంగి చూశాడు. దారి మధ్యలోనే లావైపోయి, మళ్ళీ సన్నబడి, మళ్ళీ లావైంది. మూడో సైజు పూసల్లో ఐదోవి కలిసిపోయాయి. ఆ బొమ్మను ప్రపంచంలో అందరికంటే ముందు చూసిన మనిషి, అందరికంటే అధ్వాన్నంగా కుట్టింది.

“ఎన్నాళ్ళ నుంచి కనిపించడం లేదు?” అని అడిగాడు మెల్లగా.

ఆమె పూసల గిన్నె మీద మూత పెట్టింది. ఆయన నిట్టూర్చి, తెల్లారి నుంచి ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళమన్నాడు. అది కూడా ఆయన దయే, ఇంకొకడైతే ఇంట్లో కూర్చోమనేవాడు.

బుధవారం పొద్దున్న పనికి వస్తూ పురుగులమ్మ కాలవ గట్టున ఒక రాలిన ఆకు చూసింది. కండంతా కుళ్ళిపోయి, ఈనెలు మాత్రమే జల్లెడలా మిగిలాయి. ఎత్తి పట్టుకుంటే ఆ సన్నటి కన్నాల్లోంచి అవతలి వీధి కనిపించింది, చిన్నచిన్న ముక్కలుగా. పల్చటి గుడ్డ మీద దారంతో ఈనెలు వేసి, కన్నానికొక్క పూస, నీటిబొట్టులాంటిది, అదీ అన్ని కన్నాల్లో కాదు, అక్కడక్కడా. చేతివేళ్ళు వాటంతటవే కదిలాయి. ఆకును రెండు బస్సు టికెట్ల మధ్య పెట్టి సంచిలో వేసుకుంది. అలవాటు అంత తొందరగా చావదు.

ఇస్త్రీ బల్ల దగ్గర నీళ్ళు చిలకరిస్తుంటే గీతల బల్ల నుంచి పిలుపొచ్చింది.

“వదినా, ఒక్కసారి ఇలా రా.”

వెళ్ళింది. బల్ల మీద తెల్లకాగితాలు పేర్చి ఉన్నాయి, చెరిపి చెరిపి మాసిపోయినవి పక్కన ఉండలు కట్టి ఉన్నాయి. ఆడపడుచు కళ్ళ కింద నలుపు కమ్మింది. పీట లాగి కూర్చోమంది. వదిన కూర్చోలేదు.

“మేడమ్ శుక్రవారానికి ఇంకోటి కావాలంటున్నారు,” అంది పిల్ల గొంతు తగ్గించి. “నాకేం తట్టట్లేదు. రోజూ ఆ మొక్క చుట్టూ తిరిగా, అన్నయ్య మందు కొట్టాక అందులో ఏమీ లేదు. నువ్వు ఏదో ఒకటి చూసే ఉంటావు. చెప్పు, నేను గీస్తా. నిన్ను మళ్ళీ చట్రం దగ్గర కూర్చోబెట్టమని మేడమ్‌కి నేను చెప్తా. పూసలు గుచ్చడానికి ఒకర్ని ఇప్పిస్తా. నిజంగా వదినా.”

పిల్ల అబద్ధమాడటం లేదు. ఆ కళ్ళలో భయం ఉంది, ఆశ ఉంది, ప్రేమ కూడా ఉంది. చట్రం, చేతిలో కొక్కెం, కింద వేళ్ళకు తగిలే చల్లటి పూసలు, అన్నీ ఒక్క మాట దూరంలో ఉన్నాయి. సంచి భుజానే ఉంది.

“ఈమధ్య ఏం చూశావు వదినా?”

పురుగులమ్మ సంచిని భుజం మీద సర్దుకుంది.

“ఏం చూళ్ళేదండీ,” అంది. “మీరు ఏది గీసిస్తే అది కుడతారు వాళ్ళు. నాకు ఇస్త్రీ పనుంది.”

ఆడపడుచు చేతిలో పెన్సిలు అలాగే ఉండిపోయింది. గదిలో దగ్గరున్న ఇద్దరు తలలెత్తి, మళ్ళీ దించుకున్నారు. పురుగులమ్మ ఇస్త్రీ బల్ల దగ్గరికి నడిచి, ఆరు నదుల్లో మొదటిదాన్ని బోర్లా పరిచి, పూసలు పగలకుండా పైన మెత్తటి గుడ్డ వేసి, వెనకవైపు నుంచి అదమడం మొదలుపెట్టింది.